పందెములో ప్రాణము పోయిన నేరమెవరిది?

మోటారు పందెములో మనిషి మరణించినపుడు గద్వాలలోనైనను వనపర్తిలోనైనను వినవచ్చు మాట యొక్కటే: "తెలిసి దిగినాడు, పోయినాడు." ఈ మాటలో న్యాయము సగమే కలదు.

సమ్మతినిగూర్చి మన శిక్షాస్మృతి స్పష్టముగనే పలికినది. పాత స్మృతిలోని 87వ సెక్షనే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షనైనది. ఇరువురు వినోదార్థము కత్తిసాము చేయ నంగీకరించి, కపటము లేక యాడుచుండగా ఒకనికి గాయమైనచో రెండవవాడు నేరస్థుడు కాడు. అచట నిచ్చిన యుదాహరణ మిదియే. అయితే ఆ సమ్మతి 18 ఏండ్లు దాటినవానిదై యుండవలెను. 2023 ఆగస్టులో మద్రాసు పందెపుబాటలో మోటారుసైకిలు పోటీయందు మరణించిన బెంగుళూరు బాలునికి 13 ఏండ్లు. ఆ పసివాడు తెలిసి దిగినాడనుటకు ఏ వకీలునకు నోరాడును? 2019లో రాజస్థానమున ర్యాలీకారు తగిలి మరణించిన ముగ్గురును మోటారుసైకిలుపై త్రోవను పోవువారు. వారు ఏ పందెమునకును సమ్మతింపలేదు.

ఇక యంత్రము సిద్ధపఱచినవాని మాట. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో అయర్టన్ సెన్నా మరణించెను. అతడు చోటు చాలదనగా స్టీరింగు కడ్డీని కోసి సన్నని గొట్టము నతికియుండిరి. ఆరుగురిపై కేసు నడచి 1997లో అందఱును విడుదలైరి. కాని 2007 ఏప్రిలులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ మార్పు సరిగా చేయబడలేదనియు, ప్రమాదము ముందే యూహింపదగినదనియు, విలియమ్స్ సంస్థ సాంకేతికాధికారి పాట్రిక్ హెడ్ బాధ్యుడనియు తేల్చెను. అప్పటికే కాలపరిమితి దాటినందున శిక్ష లేదు. పదుమూడేండ్ల శ్రమకు ఇదియా ఫలమని నవ్వువారు నవ్వవచ్చును. సెన్నా వేగమునకు సమ్మతించెను గాని చెడ్డ అతుకునకు సమ్మతింపలేదని ఆ తీర్పువలన స్థిరపడినది.

మన దేశమున నీ దారి యిఱుకైనది. బొంబాయి రంగుల కర్మాగారమున నిప్పంటుకొని పనివారు మరణించిన రంగ్‌వాలా కేసులో, మరణమునకు సాక్షాత్కారణము పనివాని తొందరయే యని సుప్రీముకోర్టు యజమానిని ఆ మరణముల నేరమునుండి విడిచెను. పందెముల నిర్వాహకులకు ఆ తీర్పే కవచము. అయినను 1997లో 59 ప్రాణములు గొన్న ఢిల్లీ ఉపహార్ థియేటరు అగ్నిప్రమాదమున, బయటికి పోవు దారిని కుర్చీలతో మూసిన యజమానుల నేరమును అదే కోర్టు 2014లో ఖాయపఱచెను. పందెపుబాటకు కంచె వేయనివాడు ఉపహార్ యజమానులకు చుట్టము గాని రంగ్‌వాలాకు గాడని మా వాదము.

కొత్తకోట, పెబ్బేరు, ఎఱ్ఱవల్లి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి పందెపుబాట కాదు. దానిపై సంతకు పోవు రైతులు నడచుచుందురు. మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము రాష్ట్ర ప్రభుత్వపు లిఖితానుమతి లేక పందెములో పాల్గొనువాడే కాదు, దానిని సాగనిచ్చువాడును నేరస్థుడే. బాలునికి బండి యిచ్చిన యజమానికిని, సంరక్షకునికిని 199-ఏ సెక్షను క్రింద 3 ఏండ్ల ఖైదు కలదు. మరణము సంభవించినచో సంహిత 106వ సెక్షను 5 ఏండ్ల వఱకు శిక్ష విధించును.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పోలీసు అధికారులను మేము కోరున దొక్కటి. నడిపినవాని పేరుతో కాగితము ముగింపక, పందెము గట్టినవానిని, బండి యిచ్చినవానిని మొదటి దినముననే ఎఫ్.ఐ.ఆర్.లో చేర్చవలెను. 189వ సెక్షను నేరము విడిగా నిలిచినచో, మొదటి తప్పునకు కోర్టు దానిని స్వీకరించుటకు గడువు ఒక్క సంవత్సరమే.