గృహారోగ్యము: కూర్చుండుటకు ఆధారమగు ఎముకలు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు ఎందఱు స్త్రీలు కూర్చుండియే కుటుంబములను పోషించుచున్నారో చూడుడు. ఒకతె కుట్టుయంత్రము ముందు, ఒకతె కూరగాయల గంపయొద్ద, ఒకతె తుర్కపల్లివద్ద ఔషధ పరిశోధనాలయమున బల్లపై. ప్రొద్దు క్రుంకువేళకు పిరుదులలో పోటు పుట్టినదన్నచో ఇంటివారు బద్ధకమందురు. అది బద్ధకము కాదని తెలుపుటకే ఈ మాసమున మేము ఈ విషయమును చేపట్టితిమి.

తుంటియెముక మూడు భాగములు అతుకుటచే ఏర్పడినది. అందు క్రిందిది ఆసనాస్థి. గట్టి పీటపై కూర్చుండి పిరుదుల క్రింద అఱచేతుల నుంచినచో, దాని కొనలు రెండు గడ్డలవలె తగులును. వీనినడుమ ఎడము పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ. నిలిచినపుడు పిరుదుకండ వీనిని కప్పియుండును; కూర్చుండగనే తొలగిపోవును. అపుడు మేనిబరువులో పెద్దపాలు వీనిపైననే పడును. ఎముకపైనుండు చిన్న నీటితిత్తి ఒత్తిడిచే వాచిన నొప్పి కలుగును. మగ్గముముందు కూర్చుండువారికి ఇది తఱచుగా వచ్చుటచే ఆంగ్లవైద్యులు దీనిని నేతగాండ్ర పేరిటనే పిలిచిరి.

దీనికి మొదటి చికిత్స లేచుటయే. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడువవలెను. గట్టిబల్లపై దళసరి మెత్త వేసికొనవలెను. పాదములు నేలకు ఆనవలెను. నొప్పి కాలిలోనికి ప్రాకినను, తిమ్మిరియైనను, జ్వరమున్నను, జాఱిపడిన పిదప వచ్చినను వైద్యునకు చూపవలెను.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. పక్షవాతముచే స్పర్శ కోల్పోయి కుర్చీయందే యుండు అత్తగారో, అమ్మగారో మీ యింట నున్నచో, వారికి నొప్పి తెలియదు. కొన్ని గంటల ఒత్తిడికే అచ్చట పుండు పడవచ్చును. పావుగంటకో అరగంటకో వారిని ఒకప్రక్కకు ఒరగించి బరువు తప్పింపుడు. ప్రతిదినమును ఆ చోటు చూడుడు. ఎఱ్ఱబడి, వ్రేలితో నొక్కినను రంగు మాఱనిచో అది పుండునకు తొలిగుర్తు. నల్లనిమేనిపై ఎఱుపు కనబడకపోవచ్చును గనుక, వేడియు గట్టిదనమును తాకి చూడవలెను. అచ్చట మర్దనము చేయరాదు. నడుమ రంధ్రముగల దిండు వేయరాదు; దాని అంచులు రక్తప్రసారమును అడ్డగించును. వెంటనే వైద్యుని పిలిపింపుడు. పప్పు, పాలు, గ్రుడ్లు తగినంత పెట్టుడు.

పెద్దలు సిగ్గుచే ఈ మాట చెప్పరు. కావున అడుగవలసినది మనమే.