కూజా మొక్కల అభిరుచి: మూలం తెలిసిన మొక్కే మేలు
భారతదేశంలో సహజంగా పెరిగే ఏకైక నెపెంథిస్ జాతి ఖాసియానా. దీనికి మేఘాలయ కొండలే ప్రధాన ఆవాసం. సైటిస్ మొదటి అనుబంధంలో ఉన్నందున అడవి మొక్కల అంతర్జాతీయ వాణిజ్యం నిషిద్ధం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దీని సాగుకు, విక్రయానికి లైసెన్సు అవసరం. అయినా నిషేధం ఒక్కటే చాలదు. ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండే ఈ జాతిలో కొన్నింటిని పెకలించినా మిగిలినవాటి విత్తనోత్పత్తి కుంటుపడవచ్చు. కాండపు ముక్కలతోను, కణజాల వర్ధనంతోను దీనిని వృద్ధి చేయవచ్చు కనుక ఆ మొక్కలను లైసెన్సు గల నర్సరీల ద్వారా అందుబాటులోకి తేవాలి. పెంపక విధానమూ నేర్పాలి. పోషకాలు తక్కువైన ఆమ్ల నేలలకు అలవాటుపడిన దీనికి మామూలు మోతాదులో ఎరువు వేస్తే వేర్లు దెబ్బతింటాయి. కుండీలో చనిపోయిన ప్రతి మొక్కా మరో కొనుగోలుకు దారితీస్తుంది. అభిరుచిని అదుపు చేయడం కన్నా దానికి సరైన మొక్కను, సరైన జ్ఞానాన్ని అందించడమే విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం.