తుపాకికి గవిసెన

విశాఖపట్టణమున కాపురమున్నవారికి ఉప్పుగాలి సంగతి మఱియొకరు చెప్పవలసిన పని లేదు. కిటికీ ఊచలు, సైకిలు గొలుసులు, తలుపు బందులు, వంటయింటి కత్తిపీట, ఇనుమన్నది యెచ్చట నున్నను రెండు వానకాలములు గడచునప్పటికి ఎఱ్ఱబాఱక మానదు. ఇది ఉక్కునగరము. ఉక్కు కర్మాగారముకొఱకు 1966 లో ఆంధ్రులు వీథులలోనికి వచ్చి ప్రాణములర్పించిరి. 1971 జనవరి 20 న దానికి శంకుస్థాపన జరిగెను. 1992 లో అది జాతికి అంకితమయ్యెను. ఉక్కును సంపాదించుట యెంత కష్టమో యింతగా నెఱిగిన యూరు దేశమున మఱియొకటి లేదు. అట్టి యూరిలో, సంపాదించిన యుక్కును తుప్పునుండి కాపాడుకొనుటను గూర్చి వ్రాయవలసివచ్చుట కొంత వింతగనే యున్నది.

నేడు మేము ప్రస్తావింపబూనినది చిన్న విషయము. చిన్నతోటా వేయుటకై మార్చబడిన రైఫిళ్ల రక్షణ, వానికి వలయు గవిసెనలు, తుడుపుకఱ్ఱలు, మూతలు, ఉత్తుత్తి తోటాలు. శాసనసభలలో దీనిపై ప్రశ్నలడుగువారు లేరు. పఠనమందిరములలో దీనిని గూర్చి వాదోపవాదములు జరుగుట మేము వినలేదు. అయినను మన కళాశాలల బాలురు, బాలికలు చేతబట్టు నాయుధముయొక్క మంచిచెడ్డలు దీనిపై నాధారపడియున్నవి గావున పాఠకులు కొంచెము ఓపిక వహింపవలయును.

1948 లో చేయబడిన శాసనముచే నేషనల్ కేడెట్ కోరు, అనగా మనము వాడుకగా ఎన్.సి.సి. యని పిలుచు సంస్థ, వెలసెను. నాటినుండి నేటివఱకు లక్షలకొలది విద్యార్థులు బోరగిల పండుకొని 25 గజముల దూరమున నున్న గుఱిపై పాయింటు 22 రైఫిలును ప్రేల్చుచు ఆయుధవిద్యకు ఓనమాలు దిద్దుకొనుచున్నారు. విశాఖపట్టణమున ఎన్.సి.సి. వారి గ్రూపు కార్యాలయము కలదు, తూర్పు నౌకాదళ స్థావరము కలదు. కడలికి నింత దగ్గఱగా నాయుధములను నిలువజేయు పట్టణములు దేశమున బహుకొద్ది.

ఈ పాయింటు 22 రైఫిలు పుట్టుక తెలిసికొన్నగాని దాని రక్షణ యేల ప్రత్యేకమో బోధపడదు. పెద్ద తోటాకు వెల యెక్కువ, చప్పుడెక్కువ, భుజమును తన్నుట యెక్కువ, మైదానము మైళ్లకొలది కావలయును. అందువలన పూర్వము బ్రిటిషు సైన్యమువారు పాయింటు 303 లీ ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టములోపల సన్నని వేఱొక గొట్టమును చొప్పించియో, గొట్టమునే మార్చియో, బోల్టు తలను సవరించియో చిన్నతోటా ప్రేలునట్లు చేసిరి. బరువదే, పట్టదే, గుఱిచూపదే. తోటా మాత్రము చిన్నది. ఒక రకమున మాగజైను పెట్టెను ఖాళీగా నుంచి, ప్రేలిన తోటాల డొక్కులు దానిలో రాలునట్లు చేసిరి. 1918 నాటి మఱియొక రకమున పెద్దతోటా ఆకారముగల డొల్లలో చిన్నతోటాను దూర్చి ప్రేల్చెడివారు. ఇప్పుడు పాశ్చాత్యదేశములలో సైనికనమూనా రైఫిళ్లకు బోల్టును, మాగజైనును మాత్రము మార్చి చిన్నతోటా వాడు సామగ్రి అంగళ్లలో దొరకుచున్నది. మార్పిడి కిట్టు అని దానికి పేరు.

ఇచ్చట చట్టము మాట యొకటి చెప్పక తప్పదు. మన దేశమున తుపాకిని ఒక తరగతినుండి మఱియొక తరగతికి మార్చుట లైసెన్సు లేక చేయరాదని 1959 నాటి ఆయుధశాసనమునకు 2019 లో సవరణ చేసిరి. కావున ఎవ్వడేని ఉత్సాహవంతుడు విదేశమునుండి కిట్టు తెప్పించి యింటిలో బిగించుకొందునని తలంచినచో, ముందుగా నా శాసనమును చదువుకొనుట మేలు. పరాయిదొరతనమువారి 1878 నాటి ఆయుధశాసనము వేఱు. అది తెల్లవారికి మినహాయింపునిచ్చి నల్లవారిని నిరాయుధులను జేసెను. ఆయుధము ధరించు హక్కును, నిబంధనలకు లోబడి, పౌరుల ప్రాథమికస్వత్వములలో జేర్చవలెనని 1931 లో కాంగ్రెసువారు కరాచీ తీర్మానమున కోరుకొనిరి. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపైబడి 26 తుపాకులను గైకొనిన వృత్తాంతము పాఠకులెఱుంగనిది కాదు. ఆయుధమును నిషేధింపబడిన ప్రజ దానిని ఠాణాలోనే వెదకికొనెను. అంత కష్టపడి చేజిక్కించుకొన్న జాతి, నేడు ప్రభుత్వమే పిలిచి చేతికిచ్చు రైఫిలును తుడిచి పెట్టుటకు బద్ధకించునా యని మా ప్రశ్న.

ఇక చిన్నతోటా స్వభావము. పెద్దతోటాలో రంజకము అడుగుభాగమున నడుమ నుండును. చిన్నతోటాలో నది అడుగుచుట్టునుగల అంచులో నిముడ్చబడును. ముల్లు ఆ యంచును నలిపినప్పుడు రంజకమంటుకొని మందు ప్రేలును. గుండుకు రాగితొడుగుండదు. అది ఒట్టి సీసము, పైన మైనమో కొవ్వో పూయబడి యుండును. ప్రేలినకొలది మసి, మైనము, సీసపుపొడి బోల్టు తలకు, తోటాగదికి పట్టుకొనును. మార్పిడి రైఫిలులో నీ మురికి మఱింత చిక్కు తెచ్చును. ఏలయన లోపల నతుకు లెక్కువ, అతుకున్నచోట మురికియు తేమయు దాగును. తీసి పెట్టుటకు వీలైన గొట్టమైనచో దాని వెలుపలివైపును, అసలు గొట్టపు లోపలివైపును గూడ తుడిచి నూనె రాయవలయును. ఆ పని చేయువారరుదు. బోల్టుమాత్రము మార్చు కిట్టులలో సీసము, మసి పెద్దతోటాగది ముందుభాగమున పేరుకొనును. దానిని తుడువక పిమ్మట పెద్దతోటాను వేసినచో అది లోపల బిగిసికొనుట కలదు.

పూర్వపు రంజకములో పొటాసియం క్లోరేటు ఉండెడిది. అది ప్రేలినపిమ్మట గొట్టములో మిగులునది ఒకవిధమైన ఉప్పు, మన సముద్రపుటుప్పునకు దగ్గఱచుట్టము. గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేయును. అందుచేతనే నాటి సిపాయిలు ప్రేల్చిన వెంటనే గరాటుతో మఱగుచున్న నీళ్లను గొట్టములో పోసెడివారు. నూనెకు ఉప్పు కరగదు, నీటికే కరగును. 1920 ల తరువాత తుప్పుపట్టింపని రంజకములు వాడుకలోనికి వచ్చి ఆ బాధ చాలవఱకు తగ్గెను. ఇప్పుడు చిన్నతోటా గొట్టమును మాటిమాటికి తుడువనక్కఱలేదనియు, మైనపుపూత దానిని కాపాడుననియు కొందఱు నిపుణులు చెప్పుదురు. పొడిదేశములందు వారి మాట నిజము కావచ్చును. భీమునిపట్నమునుండి గంగవరమువఱకుగల యీ తీరమున గొట్టపులోపలిభాగము బ్రతికినను బోల్టు, తోటాగది, గుఱిచూపు బ్రతుకవు. నిపుణుని సలహా కన్న మన కిటికీ ఊచలనే మేము ప్రమాణముగా గ్రహింతుము.

మాకు పరిచితుడగు నొక విశ్రాంత హవల్దారు తన శిక్షణదినములను గూర్చి చెప్పుచు, “బాబూ, గొట్టం తుడిచి చూపించేదాకా మాకు టీ ఇచ్చేవోరు కాదండి” అనెను. ఆ నియమము మిక్కిలి మంచిదని మా యభిప్రాయము. సిపాయిలకు తుడుచుటకు పుల్‌త్రూ అను త్రాడు, చిందీ యను గుడ్డపీలిక, నూనెబుడ్డి యిచ్చుట నేటికిని కలదు. అయితే త్రాడు విషయమున నొక జాగ్రత్త వలయును. దానిని వంకరగా లాగినచో గొట్టపు మూతి అంచున గాడి పడును. గుండు చివరిసారి తాకి విడుచునది ఆ యంచే గావున, అక్కడ గాడి పడిన రైఫిలు ఎంత నేర్పరి చేతిలోనున్నను గుఱి తప్పును. పిల్లవానిని చేయి వణకుచున్నదని మందలింతుము గాని దోషము మూతిలో నుండును! దీనికి మందు సులభము. ఏకఖండపు ఇత్తడి తుడుపుకఱ్ఱ, దానిని నడుమ నిలుపు చిన్న తొడుగు, వీలైనంతవఱకు బోల్టువైపునుండి తుడుచుట. రెండు మూడు తునుకలను మరలతో జోడించు ఇనుపకఱ్ఱల నతుకులు గొట్టమును గీకును. గుడ్డపీలిక మందమైనచో లోపల చిక్కుకొనును. అది తెలియక తోటా పెట్టినచో గొట్టమే చీలవచ్చును.

మఱియొకటి. కేడెట్లకు అభ్యాసము చేయించునప్పుడు తోటా లేకుండ బోల్టు ఎత్తి దింపి గుఱ్ఱమును నొక్కించుట పరిపాటి. పెద్దతోటా రైఫిలున కిది యంతగా కీడు చేయదు. చిన్నతోటా రైఫిలులో ముల్లు అంచును కొట్టునట్లు అమర్చబడియుండును గావున, తోటా లేనప్పుడు తోటాగది మూతిని కొట్టి గంటు పెట్టగలదు. వేయిమాఱులు కొట్టినపిమ్మట డొక్కు బయటికి రానని మొరాయించును. ఉత్తుత్తి తోటాలు కొని యిచ్చిన నీ బాధ లేదు. అవి లేనప్పుడు ప్రేలిన డొక్కునే మరల పెట్టి, ప్రతిసారి కొంచెము త్రిప్పి, వాడుకొనవచ్చును. దీనికి కాసు ఖర్చు కాదు. అయినను చేయుచున్నవారు కొద్దిమంది.

గవిసెనల మాటకు వత్తము. అందఱును సులభముగా పొరబడునది యిచ్చటనే. అందమైన తోలుతొడుగులో నుంచినచో తుపాకి భద్రమని తలంతురు. తోలు పదునుచేయుటలో వాడిన లవణములు, ఆమ్లములు తేమను బట్టి ఉక్కుకు చేటు చేయును. మెత్తని నురుగు పఱచిన విదేశపు పెట్టెలును అట్టివే. ఒకమాఱు తడిసిన నురుగు నెలలకొలది తడిగనే యుండును. ప్లాస్టికు సంచిలో గట్టిగా మూటగట్టుట అన్నిటికంటె చెడ్డది. తేమగల గాలిని లోపల బంధించి తుప్పునకు కాపురము పెట్టినట్లగును. ప్రయాణమున మాత్రము తొడుగు, ఇంట నిలువజేయునప్పుడు చెక్క బల్లపై గాలి యాడునట్లు నిలువుగా నుంచుట, బోల్టుపై గట్టిగుడ్డతో కుట్టిన మూత, అలమారలో తేమ పీల్చు సిలికా గుళికలు. ఇంతియే కావలసినది. గుళికలు నిండినప్పుడు రంగు మాఱును. వేడిచేసి మరల వాడుకొనవచ్చును. నూనె పలుచగా రాయవలెను. దట్టముగా రాచిన నూనె ధూళిని పట్టును. చేతి చెమటయు నుప్పే గావున ముట్టుకొన్నవారు తుడిచి పెట్టవలయును.

గొట్టపుమూతికి బిరడా పెట్టు నాచారమున నొక ప్రాణాపాయము కలదు. తీయుట మఱచి ప్రేల్చినచో గొట్టము పగులును. బిరడాకు మూరెడు ఎఱ్ఱగుడ్డ వ్రేలాడదీసిన చూపఱకు తప్పక కనబడును. తోటాగదిలో తోటా లేదని తెలుపు ఎఱ్ఱపుల్లయు నట్టిదే. అది రక్షణ తుపాకికి కాదు, ప్రక్కనున్నవానికి.

ఇవన్నియు విదేశపు జాబితాలనుండి తెప్పింపవలసినవి కావు. గాజువాక ఆటోనగరులో లేతు మరలపై నిత్తడికఱ్ఱ త్రిప్పగలవారు లేరా? లారీలకు టార్పాలిను కుట్టువానికి బోల్టుమూత కుట్టుట యొక పనియా? చిందీకి పొందూరు సన్నఖద్దరు అక్కఱలేదు, ముతక చేనేతగుడ్డ చాలును. ఏనుగును కొని యంకుశమునకు వెనుదీసినట్లు, రైఫిలున కిచ్చిన పైకమును గణించి, గవిసెనకు వలయు నాలుగు రూపాయలయొద్ద చేయి ముడుచుకొనుట మనకు తగదు. దీనికి మూలమెచ్చటనో మేము చెప్పగలము. రైఫిలుకు సంఖ్య యున్నది, పద్దుపుస్తకమున దానికి గీటు ఉన్నది, పోయినచో నుద్యోగము పోవును. గవిసెనకు సంఖ్య లేదు. లేనిదాని నెవ్వరు లెక్కింతురు?

విద్యార్థుల చేతికి తుపాకి యేల, అహింసాదేశమున నీ గొడవ యేల యని యడుగువారును గలరు. వారి మనస్సును మేము తప్పుపట్టము. ఆయుధము చేతికిచ్చుట వలదన్నచో అది వేఱు వాదము, చేసికొనవచ్చును. ఇచ్చెదమన్నచో మాత్రము తుప్పుపట్టినది, గుఱి తప్పునది, లోపల గుడ్డపీలిక చిక్కినది పదునేడేండ్ల బాలికచేతి కీయరాదు. ఈ మాటలో హింసావాదియు నహింసావాదియు నేకీభవింతురని మా నమ్మకము.

2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమును తాకినప్పుడు సముద్రపుజల్లు ఇండ్లలోనికి జొరబడిన సంగతి యందఱకు జ్ఞాపకమే. తుపాను ఋతువు ప్రతి సంవత్సరమును వచ్చును. కళాశాలలలో నాయుధములకు బాధ్యులైనవారు తమ పద్దుపుస్తకములలో రైఫిలు వరుసక్రిందనే తుడుపుకఱ్ఱ, మూత, ఉత్తుత్తి తోటాలు, గుళికలపొట్లము అను నాలుగు వరుసలను గీసి, తనిఖీకి వచ్చిన యధికారి వానినిగూడ చూడుమని కోరవలయును. ఆర్డరులు శ్రావణభాద్రపదములలోనే యిచ్చుట మంచిది. కార్తికము వచ్చినచో గట్టిగుడ్డ కుట్టు దర్జీలందఱును పెండ్లి షామియానాల పనిలో బడుదురు, అడిగినను దొరకరు.