కాగితం కొలత తెలిసిన చెయ్యి కావాలి



మాది కావలి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. చిన్నప్పుడు ఇంటికి కాగితం ఏదొచ్చినా అమ్మ దాన్ని పట్టుకుని, చదివిపెట్టే వాళ్ల కోసం వీధులు తిరిగేది. ఒకరు చదివితే వినడం వేరు, తనే చదువుకోవడం వేరని నాకు అప్పుడే తెలిసింది.

నాతో పి.జి. చదివే మిత్రుడికి చూపు లేదు. పరీక్షలకు వారం ముందు వాడి నోట్సు బ్రెయిలీ ప్రింటర్ ఉన్నచోట కొట్టించాం. ఫైలు వరుసకు 40 గడుల చొప్పున తయారైంది. ప్రింటర్లో పెట్టింది మాత్రం ఏ-4 కాగితం. ప్రతి వరుసలో మిగిలిన గడులు కిందికి జారాయి. మాటలు సగంలో విరిగాయి, పేజీ నంబరు పేజీ మధ్యకొచ్చింది. వాడు వేళ్లతో తడిమి, "అక్షరాలన్నీ ఉన్నాయిరా, పాఠమే లేదు" అన్నాడు.

మామూలు అచ్చులో కాగితం చిన్నదైతే అక్షరం తగ్గిస్తాం. బ్రెయిలీలో అది కుదరదు. వేలికొనకు అందాలి కనుక గడికి సుమారు 6 మిల్లీమీటర్లు, వరుసకు 10 కావాల్సిందే. పదకొండున్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు ఉన్న బ్రెయిలీ కాగితంలో 40 గడులు, 25 వరుసలు పడతాయి. 210 మిల్లీమీటర్ల ఏ-4లో అంచులు పోను 30 గడులే. పైగా 1951 నుంచి వాడుకలో ఉన్న భారతీ బ్రెయిలీలో గుణింతానికీ ఒత్తుకూ వేరే గడులు. మనం మూడక్షరాల్లో రాసే 'నెల్లూరు'కు 8 గడులు పడతాయి.

కనుక ముందు కాగితం కొలవాలి. ఆ కొలతే సాఫ్ట్‌వేర్లోనూ, ప్రింటర్లోనూ పెట్టాలి. కుట్టుకు అంచు వదలాలి. జిరాక్సు కాగితం మీద చుక్కలు త్వరగా అణిగిపోతాయి, దళసరి కాగితం వాడాలి. ముందు ఒక్క పేజీ కొట్టి, చదివేవారి చేతికే ఇచ్చి చూపించుకోవాలి. చేపను బట్టి వల కన్ను చూసుకునే ఊళ్లవాళ్లం, మనకిది కష్టమా?

ఫోను చదివి వినిపిస్తుందిగా అంటారు కొందరు. నిజమే. కానీ ఏ అక్షరానికి ఏ ఒత్తో, లెక్కలో బ్రాకెట్టు ఎక్కడ మూశారో వేలికి తెలిసినట్టు చెవికి తెలియదు.

అంధ విద్యార్థులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంటోంది. దానికి యంత్రం ఒక్కటే చాలదు. కాగితం కావాలి, కొలత పెట్టడం నేర్చిన మనిషి కావాలి. అన్నల్లో లెక్చరర్లున్నారు, కంప్యూటర్ ఆపరేటర్లున్నారు. మీ దగ్గర అలాంటి ప్రింటర్ మూలన ఉంటే ఒక పూట కూర్చుని నేర్చుకోండి, ఇద్దరికి నేర్పండి. విరాళమిచ్చేవారు కాగితం ఖర్చు కూడా కలిపి ఇవ్వండి.

ఆ నోట్సు మళ్లీ కొట్టించేసరికి పరీక్షకు రెండు రోజులే మిగిలాయి. మా అమ్మ ఇప్పటికీ కాగితం నా చేతికిచ్చి "చదువు నాయనా" అంటుంది. నా మిత్రుడికి ఆ అవసరం రాకూడదు.

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి. రెండో సంవత్సరం