పంచాయితీలో అడగరాని ప్రశ్న

నాంపల్లి క్రిమినల్ కోర్టుల ఆవరణలో ఏ పనిదినాన నిలబడినా మన జిల్లా యాస చెవిన పడుతుంది. తాండూరులోనో వికారాబాదులోనో రైలెక్కి నాంపల్లి స్టేషనులో దిగి, దారి అడుగుతూ వచ్చిన తండ్రి, పక్కన కూతురు, ఆమె చంకలో పిల్ల, చేతిలో కాగితాల కవరు. పొద్దున వచ్చినవారు వాయిదా పడిందన్న మాట విని సాయంత్రం బండికి తిరిగిపోతారు. వీరిలో కొందరి కాపురాలు మన ఊళ్ళలోవి కావు. పొట్టకూటికి పట్నం పోయి అబిడ్స్, నాంపల్లి వెనుక సందుల్లో ఒంటిగది అద్దెకు తీసుకున్న జంటలవి. అందుకే కేసు అక్కడ పడింది.

ఊళ్ళో ఈ సంగతి మాటల్లోకి వస్తే చాలు, రచ్చబండ దగ్గర మొదట పుట్టే ప్రశ్న ఒకటుంది. "అన్నేళ్ళు కొడుతుంటే ఆమె ఎందుకు పడి ఉన్నట్టు?" అడిగేవారికి జవాబు అక్కరలేదు. తీర్పు ఆ ప్రశ్నలోనే ఉంది. నిజంగా అంత బాధ ఉంటే ఎప్పుడో వచ్చేసేదే కదా అని.

నిజంగా తెలుసుకోవాలనుకుంటే జవాబు దొరకకపోదు. ఆ ఒంటిగది సంగతే చూడండి. అద్దె మాట్లాడింది అతడు, అడ్వాన్సు ఇచ్చింది అతడు. ఆమె రెండిళ్ళలో అంట్లు తోమితే వచ్చే జీతం నెల మొదటి వారంలోనే అతని జేబులోకి పోతుంది. పక్క గదుల వాళ్ళ భాష వేరు. ఊళ్ళో అయితే అరుపు వినబడితే కనీసం గోడ అవతల చిన్నమ్మ లేచి వస్తుంది. అక్కడ తలుపు వేస్తే వేసిందే. ఫోన్ ఉంది కదా అనవచ్చు. రాత్రి ఇంటికి రాగానే అతడు మొదట చూసేది ఆ ఫోనే. ఎవరికి చేశావు, ఎంతసేపు మాట్లాడావు, ఎందుకు చేశావు.

పోనీ తల్లిగారింటికి రావాలన్నా ఆమె లెక్క వేసుకోవలసినవి చాలా ఉన్నాయి. ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలుంది. పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. అన్న మంచివాడే, వదినకు మాత్రం రెండు నెలలు దాటితే ముఖం మారుతుంది. పిల్లవాణ్ణి బడి మాన్పించాలి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనవాళ్ళు సామెత కట్టారు. ఆడదాని చాదస్తానికి గుర్తుగా వాడతాము గానీ, అందులో ఉన్నది చాదస్తం కాదు. దెబ్బ నాలుగు రోజులకు మానుతుంది. ఊరి నవ్వు మానదు.

ఇంకొకటి ఉంది. దాన్ని బయటివారు లెక్కలోకి తీసుకోరు. కొట్టేవాడు రోజూ కొట్టడు. సోమవారం చెయ్యెత్తినవాడు బుధవారం కాళ్ళు పట్టుకుంటాడు. పిల్లల్ని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి ఐస్‌క్రీం తినిపిస్తాడు. ఇకమీదట తాగనని పిల్లవాడి తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తాడు. ఆ రెండు వారాలు అతడు నిజంగానే మంచి మొగుడు. అమెరికాకు చెందిన లెనోర్ వాకర్ అనే మానసిక శాస్త్రవేత్త 1979లో ఈ తిరుగుడు గురించి పుస్తకమే రాశారు. ముందు ఇంట్లో ఉక్కపోత, తర్వాత దెబ్బలు, ఆ తర్వాత తీపి మాటలు, మళ్ళీ ఉక్కపోత. ఆమె పడి ఉన్నది దెబ్బల కోసం కాదు, ఆ రెండు వారాల మనిషి కోసం. అతడే అసలు మనిషి, కొట్టేవాడు ఎవరో మధ్యలో వచ్చిపోయేవాడు అని నమ్ముకుంటుంది. అది తెలివితక్కువతనమంటే నేను ఒప్పుకోను. కాపురం నిలబెట్టుకోమని చిన్ననాటి నుంచి నేర్పింది మనమే.

భయం సంగతి చివర చెబుతున్నాను గానీ అది చిన్నది కాదు. "వెళ్తే చంపుతా" అన్న మాట ఎప్పుడూ ఉత్త బెదిరింపు కాదు. ఆమె కాలు బయట పెట్టినప్పుడే పట్టు జారిందని అతనికి తెలుస్తుంది. అందువల్ల ఎక్కువ ప్రమాదం ఉండేది కూడా అప్పుడే. "వచ్చెయ్ బిడ్డా" అనేవారు ఎక్కడికి రావాలో, ఆ రాత్రి తోడు ఎవరు ఉంటారో కూడా చెప్పాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి సుమారు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింస అనుభవించినవారే. దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవారిలో సాయం కోరినవారు నూటికి 14 మందే. 77 మంది ఎవరికీ చెప్పనైనా లేదు. అదే సర్వేలో మరొక లెక్క మనం తలదించుకోవలసినది. చెప్పకుండా బయటికి వెళ్ళినా, అత్తమామలను గౌరవించకపోయినా, వంట సరిగా చేయకపోయినా, ఇలాంటి ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని తెలంగాణలో నూటికి 84 మంది దాకా ఆడవాళ్ళే చెప్పారు. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ దాదాపు మన పక్కనే ఉంది. ఇంతమంది సబబే అన్న చోట ఒక్కతి లేచి కాదనాలంటే ఎంత గుండె కావాలి?

ఇక అతని సంగతి. ఆమెను ఇన్ని అడిగే ఊరు అతణ్ణి అడగవలసినవి అడగదు.

"కోపం వస్తే మనిషి కాదు, చెయ్యి ఆగదు" అంటారు. ఆగుతుంది. అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ణి చూడండి. ఇరవై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా పోయే గిరాకీని చూసి నవ్వుతాడు. మళ్ళీ మడతలు పెడతాడు. సేటు నలుగురిలో తిట్టినా తల వంచుకుని నిలబడతాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా అంత కోపాన్ని మింగినవాడికి ఇంటికి వచ్చి కూరలో ఉప్పు తక్కువైతే చెయ్యి ఆగలేదట. సేటు మీద ఎందుకు లేవలేదు? ఉద్యోగం పోతుందని తెలుసు గనుక. ఇంట్లో ఎందుకు లేచింది? ఏమీ పోదని తెలుసు గనుక. ఇది కోపం అదుపు తప్పడం కాదు. ఎక్కడ అదుపులో ఉండాలో, ఎక్కడ అక్కరలేదో బాగా లెక్క తెలిసిన పని.

తాగుడు మీద నెట్టడం రెండో దారి. తాగుడుకు వ్యతిరేకంగా మన ఆడవాళ్ళు చేసిన పోరాటం చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన నిప్పు 1993 అక్టోబరులో సారాను మూయించింది. తాగే ఇంట్లో దెబ్బలు ఎక్కువన్నదీ నిజమే. కాని పైన చెప్పిన సర్వేలోనే, చుక్క ముట్టని భర్తలున్న ఆడవాళ్ళలోనూ ఐదుగురిలో ఒకరికి పైగా హింస చూసినవారున్నారు. సారా చేతికి ఊతమిస్తుందేమో గానీ చెయ్యి సారాది కాదు.

మందు మాన్పించే ఆస్పత్రికి పోదామంటే "నేనేమైనా పిచ్చోడినా" అంటాడు. స్టేషనులో కౌన్సెలింగుకు పిలిస్తే మొదటిసారి తెల్లచొక్కా వేసుకుని వస్తాడు. ఎస్సై ముందు చేతులు కట్టుకుని మెత్తగా మాట్లాడతాడు. ఆమె ఏడుస్తూ గట్టిగా మాట్లాడుతుంది గనుక, చూసేవారికి గయ్యాళి ఆమే అనిపిస్తుంది. సంతకం పెట్టి పోతాడు. రెండోసారి రాడు. పని ఉందంటాడు, ఊళ్ళో లేనంటాడు, ఫోన్ ఆపేస్తాడు. ఈలోగా తల్లినో అక్కనో పంపి "పిల్లల ముఖం చూసి రాజీపడమ్మా" అనిపిస్తాడు. కేసు వెనక్కి తీసుకున్న మర్నాటి నుంచి కౌన్సెలింగూ లేదు, ఒట్టూ లేదు. ఏడ్చే మగవాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మవద్దని పాత సామెత. రెండో సగం ఆడవాళ్ళకు చేసిన అన్యాయం. మొదటి సగం మాత్రం ఈ రాజీల వేళ గుర్తు పెట్టుకోదగిందే.

విలేకరిగా ఊళ్ళు తిరుగుతూ ఇలాంటి పంచాయితీలు చాలా చూశాను. పెద్దలు కోపగించుకోకుండా వినాలి. ఉదయం కూర్చున్న పంచాయితీ మధ్యాహ్నం దాకా నడిస్తే, అందులో ముప్పాతిక వంతు ఒకే ప్రశ్న మీద పోతుంది. "ఎందుకు కొట్టావురా?" ఇక అతడు మొదలుపెడతాడు. ఎదురు మాట్లాడిందని, అమ్మకు అన్నం పెట్టలేదని, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడిందని. ప్రతిదానికీ ఆమె సంజాయిషీ చెప్పుకోవాలి. గంట గడిచేసరికి ముద్దాయి మారిపోతాడు. నిలబడి జవాబు చెప్పేది ఆమె, మంచం మీద కూర్చుని వినేది అతడు. చివరికి ఇద్దరికీ సర్దిచెప్పి, ఇంకోసారి జరిగితే ఇంత జరిమానా అని కాగితం రాయించి, దాన్ని ఒక పెద్దమనిషి పెట్టెలో పెడతారు.

ఈ విషయంలో మన పెద్దలకన్నా చట్టం ముందుంది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని 14వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు కౌన్సెలింగుకు పంపవచ్చు. 2006లోనే వచ్చిన నియమాల్లో 14వ నియమం ఆ కౌన్సెలింగు ఎలా జరగాలో చెబుతుంది. కొట్టినందుకు కారణాలు చెప్పి సమర్థించుకోవడానికి అక్కడ వీల్లేదు. ఎందుకు కొట్టానో చెప్పుకుంటానంటే వినరు. ఇకమీద కొట్టకుండా ఏం చేస్తావన్నదే లెక్క. రెండు ముక్కల నియమం. మన పంచాయితీలో ఇదొక్కటి పాటిస్తే పూట పట్టేది గంటలో తేలుతుంది.

అమెరికాలో డులూత్ అనే ఊళ్ళో 1980ల మొదట్లో ఇలాంటి ఆలోచనే చేశారు. కొట్టిన మగవాళ్ళను కోర్టు తరగతులకు పంపేది. రాకపోతే మళ్ళీ కోర్టుకే జవాబు చెప్పాలి. వచ్చినవాళ్ళందరూ మారారని ఎవరూ అనరు. రానివాడు ఊరికే తప్పించుకోలేడు, అంతే తేడా. మన దగ్గర రానివాణ్ణి వెతికే పని ఎవరిదీ కాదు.

"తప్పుడు కేసులు పెట్టేవాళ్ళు లేరా?" అని తప్పక అడుగుతారు. ఉంటారు. అందుకే ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయవద్దని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. పైగా గృహహింస చట్టం కింద వేసే దరఖాస్తు జైలు కోసం కాదు. కొట్టవద్దని ఉత్తర్వు, ఉండడానికి చోటు, ఖర్చులకు డబ్బు, ఇవి అడగడానికి. ఆ ఉత్తర్వును మీరితేనే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. ఇల్లు మామగారి పేర ఉంది, ఆమెకేమి హక్కు అనే మాట కూడా చెల్లదు. అత్తమామల ఇల్లయినా కాపురం ఉన్న ఇల్లయితే ఆమె చోటు అడగవచ్చునని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

మన జిల్లావారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. కాపురం నాంపల్లిలో చేసినంత మాత్రాన నాంపల్లి కోర్టుకే పోనక్కరలేదు. గృహహింస దరఖాస్తు ఆమె తాత్కాలికంగానైనా నివసిస్తున్న చోట వేయవచ్చు. 1983లో వచ్చిన 498-ఎ కింద, అంటే 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు అయిన దాని కింద కేసు కూడా ఆమె తలదాచుకున్న ఊరి కోర్టులో నడవవచ్చునని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిగారిల్లు తాండూరు పక్కనైతే తాండూరే చాలు. రైలు చార్జీలు, వాయిదాకొక కూలి రోజు, తండ్రి మోకాళ్ళ నొప్పులు, ఇన్ని మిగులుతాయి. వకీలు ఫీజు భయం కూడా అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. దానికి ఫోన్ నంబరు 15100.

పట్నంలోనే ఉన్నవారికి, పబ్లిక్ గార్డెన్స్ ఎదుట హాకా భవన్‌లో 2016లో పోలీసులు ప్రారంభించిన భరోసా కేంద్రం నాంపల్లి స్టేషను నుంచి ఎంతో దూరం కాదు. ఊళ్ళో ఉన్నవారికి జిల్లా సఖి కేంద్రం ఉంది. మహిళల సహాయానికి 181, అప్పటికప్పుడు ప్రాణం మీదకు వస్తే 112.

పంచాయితీలు ఆగవు, ఆగాలని నేను అనడమూ లేదు. కోర్టు మెట్లు ఎక్కలేనివారికి అవే దిక్కు. కాగితం రాసేటప్పుడు మాత్రం ఒక నకలు ఆమె చేతికి ఇవ్వండి. కొట్టిన తేదీ, తగిలిన దెబ్బ, అతడు ఒప్పుకున్న మాట అందులో ఉండాలి. రేపు కోర్టుకు పోతే పనికివచ్చేది అదే. అతడు నెలకొకసారి ఎవరి ముందు హాజరు కావాలో, రాకపోతే ఎవరు కబురు చేయాలో పేరుతో సహా రాయండి. ఆమెను పంపించేటప్పుడు అన్నగారో చిన్నాన్నో వెంటపోయి ఆ సందులో గది చూసి, పక్కింటివారితో మాట్లాడి రావాలి. పైన ఇచ్చిన నంబర్లు ఆమె ఫోన్‌లో ఆ పేర్లతో దాచవద్దు. అతడు చూస్తాడు. పిల్లవాడి పలక వెనకో, పాల లెక్క పుస్తకంలోనో రాసిపెట్టుకుంటే ఎవరికీ అనుమానం రాదు.