స్క్రూ తిప్పేదానికి ఇంత లెక్కా?

మన దేశంలో మజిల్ కారు ఏదంటే కార్ల పిచ్చోళ్లు కాంటెస్సా పేరు చెప్తారు. 1984లో వచ్చి 2002లో ఆగిపోయింది. మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు మాత్రం ఆ దర్జా పాత బుల్లెట్‌దే. 346 సీసీ, క్యాస్ట్ ఐరన్ ఇంజను, 2010 ప్రాంతంలో కంపెనీ ఆపేసిన రకం. నాన్న బండి వసారాలో తుప్పు పడుతుంటే మన సాఫ్ట్‌వేరు వీరులు బెంగుళూరు నుంచి దిగి ఇంజను రీబిల్డ్ చేయిస్తున్నారు. సంతోషం. నా గొడవల్లా ఆ తర్వాత జరిగే బేరం గురించే.

పెయింటుకి, క్రోముకి, ట్యాంకు మీద బంగారు గీతలకి అడిగినంత ఇస్తారు. మెకానిక్ "ట్యూనింగుకి రెండ్రోజులు పడుతుంది, కూలి ఇంత" అనగానే మొహం మారిపోతుంది. "స్క్రూ తిప్పేదానికి ఇంత లెక్కేందన్నా?"

అయ్యా, స్క్రూ తిప్పడం చివరి పని. ముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్లు చూడాలి. వేలితో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. తర్వాత పాయింట్ల గ్యాపు, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గ్యాపు మారితే టైమింగు కూడా మారిపోతుంది, అందుకే టైమింగు దాని తర్వాతే. పిస్టను పూర్తిగా పైకి రావడానికి ఇంకా 0.8 మి.మీ. ఉండగా పాయింట్లు విడాలి. ఇవన్నీ కుదిరాక కార్బురేటరు. టైమింగులో జబ్బుంటే కార్బురేటరుకి మందేస్తే ఏమవుతుందో, రూట్ కాజ్ వెతక్కుండా ప్రొడక్షన్లో ప్యాచీలు వేసే మనకి వేరే చెప్పాలా?

కొత్త రింగులు సిలిండరులో కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నడవాలి. కుదిరాక ఐడ్లింగ్ మళ్లీ మారుతుంది. మెకానిక్ మళ్లీ తెమ్మనేది అందుకే, కూలి కోసం కాదు. దీనికి తోడు ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పల్చబడుతుంది. అలాంటి బండిని మే నెల మధ్యాహ్నం ముద్దనూరు ఘాటు ఎక్కిస్తే కొత్త పిస్టను పట్టేసినా ఆశ్చర్యం లేదు. ప్లగ్గు తీసి చూస్తే బిస్కెట్టు రంగులో ఉండాల్సింది సున్నం కొట్టినట్టు ఉంటుంది. తిట్లు మాత్రం మెకానిక్కుకే!

ప్రొద్దుటూరు బంగారం కొట్లలో తరుగు, మజూరీ అని చీటీ రాసిస్తే గొణుక్కుంటూనైనా కట్టొస్తాం. క్వెరీకి ఒక్క ఇండెక్సు పెట్టి, పర్ఫార్మెన్స్ ట్యూనింగు పేరుతో క్లయింటుకి నలభై గంటలు బిల్లు వేస్తాం. ఆ ఇండెక్సు ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికే ముప్పై తొమ్మిది గంటలు పట్టిందని వాదిస్తాం కూడా. మరి ఆయన చేసిందీ అదే కదా?

ఏమాటకామాటే, మెకానిక్కులంతా దేవుళ్లేం కాదు. ఫీలర్ గేజి ముట్టకుండా "చెవితోనే చెప్పేస్తా" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర బేరమాడండి, లేదా అసలు పోకండి. గేజి తీసి, ఒక్కోటీ కొలిచి, ఒకసారికి ఒక్కటే మార్చే మనిషి దొరికితే మాత్రం అడిగింది ఇవ్వండి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు మీ బేరమంతా వింటూనే ఉంటాడు. వాడికి షోరూము ఉద్యోగం దొరకడం పెద్ద కష్టమేం కాదు.