యువజన శీర్షిక: ఆరు మారులా, ఏడు మారులా?



మన గ్రామాల నుండి పట్నం వెళ్లి కంప్యూటరు కోర్సులో చేరిన పిల్లలు తొలి నెలల్లోనే అధైర్యపడే చోటు ఒకటుంది. దాన్ని లూప్ అంటారు. ఒకే పనిని కంప్యూటరు చేత మళ్లీ మళ్లీ చేయించే ఆజ్ఞ అది. లెక్క ఒకటి తక్కువ వస్తుంది, లేదా ప్రోగ్రాం ఎంతకీ ఆగదు. "ఈ చదువు నా వల్ల కాదు" అని పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసేవారున్నారు. అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులకు అది ఎంత వేదన!

2 రాజులు 5వ అధ్యాయంలోని నయమాను సంగతి మీరెరుగుదురు. యొర్దానులో ఏడు మారులు స్నానం చేయమని ఎలీషా కబురంపాడు. ఈ పనినే పైథాన్ భాషలో వ్రాద్దాం. ఏడు మునకలే గదా అని రేంజ్ అనే మాట ప్రక్కన 1, 7 అని వేస్తారు. నడిపిస్తే నయమాను ఆరు మారులే మునుగుతాడు! రెండవ అంకెను చేరకముందే పైథాన్ ఆగిపోతుంది. అక్కడ 1, 8 అని వేయాలి.

వైల్ అనే మరొక లూప్ ఉంది. "లెక్క ఏడు దాటనంత వరకు మునుగు" అని చెప్పి, మునిగినప్పుడెల్లా ఒకటి కలపడం మరచితే, లెక్క ఒకటి దగ్గరే నిలిచిపోతుంది. నయమాను మునుగుతూనే ఉంటాడు. భయపడనక్కరలేదు. కంట్రోల్ మీట పట్టుకొని సి నొక్కితే సాధారణంగా ఆగుతుంది.

అటు తరువాత కాగితం తీసుకోండి. లెక్క ఎక్కడ మొదలైంది? ఎప్పుడు ఆగాలి? చుట్టు చుట్టుకూ ఏమి మారుతోంది? గడులు గీసి ప్రతి చుట్టు విలువా వ్రాయండి. మొదటి చుట్టు, చివరి చుట్టు తప్పక చూడండి. తప్పు ఎక్కువగా దాగేది అక్కడే. తోచినట్లు నాలుగు చోట్ల దిద్దవద్దు. ఒకసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి.

ఇది అనుభవజ్ఞులకూ తప్పలేదు. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి 'జూన్' అనే పాటల యంత్రాల్లో 30 జీబీ రకానివి ఒక్కసారిగా నిలిచిపోయాయి. రోజుల లెక్క 365 కంటె ఎక్కువ ఉన్నంత వరకు తిరగమని అందులోని లూప్ చెప్పింది. లీపు సంవత్సరమైతే మాత్రం 366 దాటితేనే తీసివేయమంది. ఆ రోజు సరిగ్గా 366వది. తీసివేత జరగలేదు, తిరగడం ఆగలేదు. ఆ ఒక్క చివరి రోజు ఎవరి కంటా పడలేదు!

తల్లిదండ్రులారా, తప్పు రావడం తెలివితక్కువతనానికి గుర్తు కాదు. బిడ్డ ఫోన్ చేసినప్పుడు "ఎక్కడ చిక్కుకున్నావు, మాకు చెప్పు" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా వినండి. ఒక్కొక్క చుట్టూ వివరించి చెబుతుండగా చెప్పేవారికే తప్పు కనబడడం కద్దు. నయమాను కోపంతో వెనుదిరిగినప్పుడు అతన్ని నదికి మళ్లించినది దాసుల మృదువైన మాటే. ఆరవ మునకతో విసిగిన మీ బిడ్డకు ఆ మాట మీ నోటనుండి వచ్చును గాక.